వాలెట్లు వేరైనా చెయ్యి ఒకటే: హైపర్‌లిక్విడ్‌లో పెద్ద ట్రేడర్లకు ఉమ్మడి పొజిషన్ల ప్రకారం ర్యాంకులు కట్టే పద్ధతి

2025 నవంబరు 12న హైపర్‌లిక్విడ్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజిలో పాప్‌క్యాట్ అనే మీమ్ కాయిన్ మీద ఎవరో సుమారు 30 లక్షల డాలర్లను 19 వాలెట్లలోకి పంచి, వాటి నుంచి రెండు కోట్ల డాలర్లకు పైబడిన లాంగ్ పొజిషన్లు (ధర పెరుగుతుందన్న పందేలు) తీసుకున్నారు. ధరను నిలబెట్టే పెద్ద కొనుగోలు ఆర్డర్లు పెట్టి, తర్వాత వాటిని హఠాత్తుగా తీసేయడంతో ధర కూలింది, ఆ పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి (పూచీ సొమ్ము చాలక బలవంతంగా మూతపడ్డాయి), వాటి భారం తలకెత్తుకున్న హెచ్‌ఎల్‌పీ వాల్టు అనే ఉమ్మడి నిధికి దాదాపు 49 లక్షల డాలర్ల నష్టం మిగిలింది. ఆ పూట వాలెట్ల వారీ జాబితాను చూసేవారికి ఆ 19 ఖాతాలలో ఏ ఒక్కటీ ప్రత్యేకంగా కంటికి ఆనేంత పెద్దది కాదు. మొత్తాన్ని 19తో భాగిస్తే ఒక్కొక్క ఖాతా వాటా పది లక్షల డాలర్లకు కాస్త ఎక్కువగా తేలుతుంది, బిట్‌కాయిన్‌లో కోట్ల డాలర్ల పొజిషన్లు నడిచే చోట అది లెక్కలోకి రాదు.

ఊళ్ళో పట్టాదారు పాసు పుస్తకాలను వరసగా పేర్చి అతి పెద్ద ఆసామీ ఎవరో చెప్పబోతే ఇలాగే బోల్తా పడతాం. భూమి భార్య పేరున కొంత, బావమరిది పేరున కొంత, పాలేరు పేరున కొంత ఉంటుంది. పుస్తకం ఎవరి పేరున ఉందన్నది ఒక ప్రశ్న, పంట ఎవరి ఇంటికి చేరుతుందన్నది వేరే ప్రశ్న. ఈ మార్గదర్శి రెండో ప్రశ్నకు సంబంధించినది. మామూలు కేంద్రీకృత ఎక్స్ఛేంజిలలో ఎవరి పొజిషన్ ఎంతో ఆ సంస్థకు తప్ప బయటివారికి తెలియదు, హైపర్‌లిక్విడ్‌లో మాత్రం ప్రతి చిరునామా పొజిషనూ, ఎంట్రీ ధరా, లిక్విడేషన్ ధరా బహిరంగంగా ఉంటాయి కాబట్టి ఈ పని అక్కడ సాధ్యమవుతుంది. పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాయగలిగి, ఒక స్ప్రెడ్‌షీట్ నడపగలిగితే చాలు.

మొదటి మెట్టు: ఏది కొలుస్తున్నారో నిర్ణయించుకోవడం

ప్రోగ్రామ్ తెరవడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఇది, ఎందుకంటే "పెద్ద ట్రేడర్" అన్న మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. లాంగ్‌లనూ షార్ట్‌లనూ (ధర పడుతుందన్న పందేలనూ) ప్లస్, మైనస్ గుర్తు పట్టించుకోకుండా కూడితే వచ్చేది స్థూల పొజిషన్. ఒకే కాయిన్‌లో లాంగ్ నుంచి షార్ట్‌ను తీసివేస్తే మిగిలేది నికర పొజిషన్. అన్ని వాలెట్లలోనూ ఆ వ్యక్తికి నిజంగా ఉన్న సొమ్ము ఖాతా విలువ. నలభై రెట్ల లివరేజితో, అంటే చేతిలో ఉన్న సొమ్ముకు నలభై రెట్ల పందెంతో ఆడే చిన్న ఖాతా స్థూల పట్టికలో పైకి ఎగబాకుతుంది, పెద్ద సొమ్ముతో నెమ్మదిగా నడిచే నిధి కింద ఉండిపోతుంది.

నికరం ఒక్కటే చూస్తే ఎంత ప్రమాదమో 2025 మార్చి 26న జెల్లీ అనే చిన్న కాయిన్‌లో జరిగిన ఉదంతం చూపించింది. బ్లాక్‌చెయిన్ లావాదేవీలను పరిశీలించే ఆర్ఖామ్ సంస్థ విశ్లేషణ ప్రకారం ఒకే ట్రేడర్ మూడు ఖాతాలు వాడి, ఒకదానిలో సుమారు 41 లక్షల డాలర్ల షార్ట్, మిగిలిన రెండింటిలో సుమారు 21.5 లక్షలు, 19 లక్షల డాలర్ల లాంగ్ తీసుకున్నాడు. కూడి చూడండి: లాంగ్‌లు 40.5 లక్షలు, షార్ట్ 41 లక్షలు, నికరం అర లక్ష డాలర్ల షార్ట్. నికర పట్టికలో ఈ మనిషి అసలు కనిపించడు. స్థూలంలో చూస్తే 81.5 లక్షల డాలర్లతో ఆ చిన్న కాయిన్‌లో కొండంత ఆకారం. అతని ఎత్తుగడ అంతా ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే ఉంది. షార్ట్ ఖాతా లిక్విడేట్ అయి ఆ భారం హెచ్‌ఎల్‌పీ మీద పడాలి, ధర ఎగిరే కొద్దీ లాంగ్ ఖాతాలు లాభపడాలి. చివరికి ఎక్స్ఛేంజి ఆ కాయిన్‌ను తొలగించి, 0.0095 డాలర్ల దగ్గర పొజిషన్లను ముగించవలసి వచ్చింది.

అందుచేత నా పట్టికలో రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి, నికరాన్ని స్థూలంతో భాగించిన నిష్పత్తి మూడో గడిలో ఉంటుంది. ర్యాంకును స్థూలం మీద కడతాను. ఒక కాయిన్‌లో మార్కెట్ ఎటు మొగ్గుతోందో తెలుసుకోవాలంటే ఆ కాయిన్ వరకు నికరం మీద విడిగా ఇంకో వరస కడతాను. నిష్పత్తి 0.2 కంటే తగ్గితే ఆ వరసకు రంగు పూస్తాను: అక్కడ హెడ్జింగ్ (ఒక పొజిషన్ నష్టాన్ని ఎదురు పొజిషన్‌తో కాచుకోవడం) అయినా ఉండాలి, జెల్లీ తరహా వ్యవహారమైనా ఉండాలి.

రెండో మెట్టు: చిరునామాలు పోగుచేయడం

ఇది పెద్ద విద్య కాదు. హైపర్‌లిక్విడ్ సొంత లీడర్‌బోర్డు చిరునామాల వారీగా ఉంటుంది, అక్కడ మొదలుపెట్టవచ్చు. దానికంటే పనికొచ్చేది బహిరంగ ట్రేడుల ప్రవాహం: వెబ్‌సాకెట్ (ఎప్పటికప్పుడు సమాచారం పంపే కనెక్షన్) ద్వారా వచ్చే ప్రతి ట్రేడులోనూ కొన్నవారి చిరునామా, అమ్మినవారి చిరునామా రెండూ ఉంటాయి. బిట్‌కాయిన్, ఈథర్, హైప్ (హైపర్‌లిక్విడ్ సొంత కాయిన్), సొలానా ప్రవాహాలను వారం రోజులు వింటూ, లక్ష డాలర్లు మించిన ట్రేడులు చేసిన చిరునామాలను రాసుకుంటే మంచి జాబితా తయారవుతుంది. నెలల క్రితం పొజిషన్ తెరిచి మౌనంగా కూర్చున్నవారు ఇందులో దొరకరు, వారికోసం ఆర్బిట్రమ్ అనే బ్లాక్‌చెయిన్ మీది బ్రిడ్జి కాంట్రాక్టులోకి (అక్కడి నుంచి హైపర్‌లిక్విడ్‌కు సొమ్ము చేర్చే ప్రోగ్రామ్‌లోకి) వచ్చిన పెద్ద డిపాజిట్లను కూడా వెతకాలి. చిన్న కాయిన్లకు లక్ష డాలర్ల గీత పనికిరాదు, జెల్లీ వంటి వాటికి పదివేలు పెట్టుకోవాలి.

చిరునామాలన్నింటినీ జాబితాలోకి ఎక్కించే ముందే చిన్న అక్షరాల్లోకి మార్చండి. ఒకే చిరునామా ఒకచోట పెద్దక్షరాలు కలిసి, మరొకచోట అన్నీ చిన్నక్షరాలుగా దొరుకుతుంది, ప్రోగ్రామ్ వాటిని ఇద్దరు మనుషులుగా లెక్కవేసి పొజిషన్‌ను రెట్టింపు చేస్తుంది.

మూడో మెట్టు: పొజిషన్లు చదవడం

హైపర్‌లిక్విడ్ సమాచారం ఇచ్చే ఇన్ఫో ఎండ్‌పాయింట్ అనే వెబ్ చిరునామాకు "క్లియరింగ్‌హౌస్ స్టేట్" అన్న అభ్యర్థన పంపి చిరునామా ఇస్తే ఆ ఖాతా పర్పెచువల్ (గడువు తేదీ లేని ఫ్యూచర్స్) పొజిషన్లన్నీ తిరిగి వస్తాయి. ప్రతి పొజిషన్‌లోనూ గుర్తుతో కూడిన పరిమాణం, ఎంట్రీ ధర, డాలర్లలో విలువ, ఇంకా చేతికి రాని లాభనష్టం, లివరేజి, లిక్విడేషన్ ధర ఉంటాయి. లాంగో షార్టో పరిమాణం ముందున్న గుర్తు చెబుతుంది, డాలర్ విలువ గడిలో గుర్తు ఉండదు. ఈ సంగతి మరచిపోయి డాలర్ విలువలను నేరుగా కూడితే షార్ట్‌లన్నీ లాంగ్‌లుగా మారిపోతాయి.

ఇక ఆ అంకెలు అంకెలుగా రావు, కొటేషన్ గుర్తుల మధ్య పాఠ్యంగా వస్తాయి. నేను మొదటిసారి కట్టిన పట్టికలో 9 లక్షల డాలర్ల ఖాతా కోటి డాలర్ల ఖాతా పైన కూర్చుంది, ఎందుకంటే పాఠ్యంగా వరస పేర్చితే "9" అన్నది "1" తర్వాతే వస్తుంది. గంట సేపు ర్యాంకు సూత్రంలో తప్పు వెతికి, చివరికి అభ్యర్థన సమాధానాన్ని యథాతథంగా తెరపై వేసి చూసినప్పుడు కొటేషన్ గుర్తులు కనిపించాయి.

ఒక్క అభ్యర్థనతో మనిషి మొత్తం కనిపించడు. ఆ చిరునామాకు ఉపఖాతాలున్నాయేమో "సబ్‌అకౌంట్స్" అభ్యర్థనతో అడగాలి. ప్రధాన పర్పెచువల్ మార్కెట్‌తో పాటు 2025 అక్టోబరు నుంచి ఇతర నిర్మాతలు తెరిచిన విడి మార్కెట్లు కూడా ఉన్నాయి. అభ్యర్థనలో మార్కెట్ పేరు చెప్పకపోతే మొదటి మార్కెట్ పొజిషన్లే వస్తాయి కాబట్టి, షేర్ సూచీల మీద పందెం కాసినవారు మీ లెక్క నుంచి జారిపోతారు. స్పాట్ నిల్వలకు (నేరుగా కొని ఉంచుకున్న కాయిన్లకు) వేరే అభ్యర్థన ఉంది, స్టేకింగ్‌లో (ప్రతిఫలం కోసం నెట్‌వర్కులో తాళం వేసి) పెట్టిన హైప్‌కు మరొకటి. స్పాట్‌లో యూబీటీసీ అనే పేరుతో ఉన్నది బిట్‌కాయిన్‌కు ప్రతిరూపమే, దాన్ని బిట్‌కాయిన్ గడిలోకే చేర్చాలి. కేపెపే (kPEPE), కేబాంక్ (kBONK) వంటి పేర్ల ముందున్న "కే" వెయ్యి అని అర్థం, పరిమాణాలను స్పాట్‌తో కలిపేటప్పుడు వెయ్యితో గుణించాలి.

ఏజెంట్ వాలెట్ అన్నది ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన ఉచ్చు. బాట్లు నడిపేవారు తమ అసలు ఖాతా తరఫున సంతకం చేయడానికి ఏజెంటును నియమిస్తారు. ఆ ఏజెంట్ చిరునామాను అడిగితే ఖాళీ సమాధానం వస్తుంది, అసలు ఖాతాను అడిగితేనే పొజిషన్లు కనిపిస్తాయి. అనుమానం ఉన్న చిరునామాకు "యూజర్ రోల్" అభ్యర్థన పంపితే అది మామూలు ఖాతానా, ఏజెంటా, ఉపఖాతానా, వాల్టా అని చెబుతుంది.

వాల్టుల విషయంలో నా నియమం కటువుగా ఉంటుంది. వాల్టులో ఉన్నది నలుగురి సొమ్ము, నడిపేవాడు కనీసం 5 శాతం వాటా ఉంచాలన్నది నిబంధన. కాబట్టి నాయకుడి లెక్కలోకి వాల్టు పొజిషన్ మొత్తం చేర్చకూడదు, అతని వాటా మేరకే చేర్చాలి. హెచ్‌ఎల్‌పీని పట్టిక నుంచి పూర్తిగా తీసేసి అడుగున విడిగా చూపుతాను. అది మార్కెట్‌కు ఎదురు పక్షం వహించే ఉమ్మడి నిధి, పైగా దాని కింద పిల్ల వాల్టులు ఉన్నాయి, తల్లినీ పిల్లలనూ కలిపి కూడితే ఒకే సొమ్ము రెండుసార్లు పడుతుంది.

వేగం గురించి ఒక్క మాట. డాక్యుమెంటేషన్ ప్రకారం ఒక ఐపీ చిరునామాకు నిమిషానికి 1200 బరువు కేటాయింపు ఉంది. క్లియరింగ్‌హౌస్ స్టేట్‌కు బరువు 2, స్పాట్ నిల్వలకూ 2, యూజర్ రోల్‌కు 60, తక్కిన చాలా అభ్యర్థనలకు 20. అంటే 300 వాలెట్ల పర్పెచువల్, స్పాట్ వివరాలు ఒక నిమిషంలో చదివేయవచ్చు, అదే 300 వాలెట్లకు యూజర్ రోల్ అడగాలంటే పావు గంట పడుతుంది. పాత్రలూ ఉపఖాతాలూ రోజుకొకసారి, పొజిషన్లు ఐదు నిమిషాలకొకసారి చదివేలా విడదీసుకోండి.

నాలుగో మెట్టు: వాలెట్లను ముడివేయడం

పని అంతా ఇక్కడే ఉంది. తప్పుగా ముడివేసిన పట్టిక, అసలు ముడివేయని పట్టిక కంటే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే ముడివేయనిది తాను అసంపూర్ణమని ఒప్పుకుంటుంది, తప్పుగా వేసినది లేని మనిషిని సృష్టిస్తుంది. నేను ఆధారాలను ఖాయం, గట్టి, ఊహ అని మూడు తరగతులుగా రాసుకుంటాను.

ఖాయం అనదగ్గవి ప్రోటోకాల్ స్వయంగా చెప్పే సంబంధాలు మాత్రమే. ఉపఖాతాకు ప్రధాన ఖాతా ఏదో, ఏజెంటుకు యజమాని ఎవరో ప్రోటోకాల్ లెక్కల్లోనే ఉంటుంది, అక్కడ వాదనకు తావు లేదు.

గట్టి ఆధారాలలో నాకు అన్నింటికంటే నమ్మకమైనది, రెండు వాలెట్లు ఒకే ఎక్స్ఛేంజి డిపాజిట్ చిరునామాకు సొమ్ము పంపడం. చాలా కేంద్రీకృత ఎక్స్ఛేంజిలు ప్రతి ఖాతాదారుకూ ఒక ప్రత్యేక డిపాజిట్ చిరునామా ఇచ్చి, అక్కడ పడిన సొమ్మును తమ ప్రధాన వాలెట్‌లోకి ఊడ్చుకుంటాయి. వేర్వేరు మార్గాల్లో వచ్చిన రెండు వాలెట్లు బయటికి పోయేటప్పుడు ఒకే గుమ్మం తొక్కితే, ఆ గుమ్మం వెనుక ఉన్న ఖాతా ఒకటే. బ్రోకర్లూ, పెద్ద మొత్తాలు మార్చిపెట్టే డెస్కులూ ఇందుకు మినహాయింపు, ఒక డిపాజిట్ చిరునామాకు యాభై వాలెట్లు పంపుతూ ఉంటే అది మనిషిది కాదని అనుకోవాలి. రెండో గట్టి ఆధారం మొదటి గ్యాస్, అంటే లావాదేవీ రుసుముకు కావలసిన సొమ్ము. ఆర్బిట్రమ్‌లో ఏ కొత్త వాలెట్ కదలాలన్నా కాస్త ఈథర్ కావాలి, ఆ మొదటి చెంచాడు ఎవరు పోశారో చూస్తే చాలాసార్లు పాత వాలెట్ బయటపడుతుంది. లక్షల డాలర్లను జాగ్రత్తగా వేరు దారుల్లో నడిపినవారు కూడా రెండు డాలర్ల గ్యాస్ దగ్గర ఏమరుపాటుగా ఉంటారు. మూడోది, రెండు ఖాతాల మధ్య ఇటూ అటూ పలుమార్లు జరిగిన బదిలీలు. ఖాతాల జమా ఖర్చుల చరిత్రను ఇచ్చే అభ్యర్థన ఉంది, అందులో డిపాజిట్లు, ఉపసంహరణలు, లోపలి బదిలీలు వరసగా కనిపిస్తాయి. ఒక్కసారి ఒక వైపే జరిగిన బదిలీ అప్పు తీర్చడం కావచ్చు, దాన్ని ఊహ తరగతిలోనే ఉంచండి.

ఊహ తరగతిలో ప్రవర్తన పోలికలు ఉంటాయి: ఒకే కాయిన్, ఒకే వైపు, కొద్ది సెకన్ల తేడా. వినడానికి బలంగా ఉంటుంది గానీ, పేరున్న తిమింగలం (భారీ ట్రేడర్) వెనుక కాపీ ట్రేడింగ్ బాట్లు ఎన్ని ఉంటాయో తెలిసినవారికి ఇది బలహీనమైన ఆధారమని అర్థమవుతుంది. అయితే ఇక్కడ ఒక చిట్కా పనిచేస్తుంది. కాపీ కొట్టేది ప్రతిసారీ వెనుకనే వస్తుంది. ఇరవై ట్రేడుల సమయాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఇరవైలోనూ ఒకే వాలెట్ ముందుంటే రెండోది కాపీ బాట్ కావచ్చు, ముందు వెనుకలు తారుమారవుతూ ఉంటే ఒకే చేయి రెండు ఖాతాలనూ నడుపుతోందన్న అనుమానం బలపడుతుంది. పాప్‌క్యాట్ తరహాలో ఒకే ఎక్స్ఛేంజి నుంచి దగ్గర సమయాల్లో, పోలిన మొత్తాలతో కొత్త వాలెట్లు నిండి, ఆ తర్వాత అన్నీ ఒకే కాయిన్‌లో దిగితే, రెండు ఊహలు కలిసి ఒక గట్టి ఆధారంగా మారతాయి.

నియమం ఇలా పెట్టుకున్నాను: ఖాయం ఒక్కటి చాలు, గట్టి ఆధారాలైతే ఒకదానితో ఒకటి సంబంధం లేనివి రెండు కావాలి, ఊహలు మాత్రమే ఉంటే ఆ ముడి పట్టికలోకి రాదు, పక్కన టిప్పణిగా ఉంటుంది.

ముడులు పడ్డాక ఒకదానితో ఒకటి అంటుకున్న చిరునామాలన్నిటికీ ఒకే గుంపు సంఖ్య ఇవ్వాలి. ఇక్కడే నేను బాగా దెబ్బతిన్నాను. ఒక ఎక్స్ఛేంజి ప్రధాన వాలెట్‌ను గుర్తించక, దాన్ని మామూలు చిరునామాగా ఉండనిచ్చాను. దాని నుంచి సొమ్ము తీసుకున్న ప్రతివాడూ మిగతావారితో ముడిపడి, మూడు వందల పైచిలుకు వాలెట్లున్న ఒక మహాపురుషుడు నా పట్టికలో మొదటి ర్యాంకులో ప్రత్యక్షమయ్యాడు. అప్పటి నుంచి ఎక్స్ఛేంజిల, బ్రిడ్జిల, మిక్సర్ల (సొమ్ము జాడ చెరిపే సేవల) చిరునామాలను ముందే ఒక నిషిద్ధ జాబితాలో పెట్టుకుంటున్నాను. ఆర్ఖామ్, ఆర్బిస్కాన్ (ఆర్బిట్రమ్ లావాదేవీలు చూపే వెబ్‌సైట్) ఇచ్చే లేబుళ్ళు ఇందుకు పనికొస్తాయి. ఇరవై వాలెట్లు దాటిన ఏ గుంపునైనా చేత్తో విప్పి చూడనిదే పట్టికలో వేయను.

గుంపులకు సంఖ్యలే ఇవ్వండి. వాలెట్ వెనుక ఉన్న మనిషి పేరు వెతికి అంటించడం ఈ లెక్కకు అక్కర్లేదు, ముడి తప్పయితే ఆ పేరు మోసే మనిషికి జరిగే హానిని మీరు వెనక్కి తీసుకోలేరు.

ఐదో మెట్టు: కూడడం, వరస పెట్టడం

అన్ని వాలెట్లనూ చదివిన తర్వాత ధరలను ఒక్కసారే తీసుకుని, పరిమాణాలను ఆ ఒకే ధరతో గుణించండి. మొదటి వాలెట్‌కూ చివరి వాలెట్‌కూ మధ్య నిమిషం గడిస్తే ఈలోగా ధర కదిలి, ఒకే పరిమాణానికి రెండు విలువలు వస్తాయి.

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. బిట్‌కాయిన్ ధర లక్ష డాలర్లు అనుకోండి. "క" గుంపుకు మొదటి వాలెట్‌లో 120 బిట్‌కాయిన్ల లాంగ్, రెండో దానిలో 80 లాంగ్, ఒక ఉపఖాతాలో 150 షార్ట్, మరో వాలెట్‌లో 30 స్పాట్ ఉన్నాయి. "ఖ" గుంపుకు ఒకే వాలెట్, 180 లాంగ్. వాలెట్ల వారీ పట్టికలో ఖ 1.8 కోట్ల డాలర్లతో మొదట నిలుస్తాడు, క ఖాతాలు 1.5, 1.2, 0.8 కోట్లతో ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కింద కనిపిస్తాయి. కలిపి చూస్తే క స్థూలం 350 బిట్‌కాయిన్లు, అంటే 3.5 కోట్ల డాలర్లు. స్పాట్‌తో కలిపి 3.8 కోట్లు. మొదటి స్థానం అతనిది. నికరంలో పర్పెచువల్‌లు 50 లాంగ్, స్పాట్‌తో కలిపి 80, అంటే 80 లక్షల డాలర్లు. ధర ఎటు పోవాలన్న పందెంలో ఖ అతనికి రెండింతలకు మించిన వాడు. క నిష్పత్తి స్పాట్ లేకుండా 0.14, స్పాట్‌తో 0.21. చూశారుగా, స్పాట్ అభ్యర్థన పంపామా లేదా అన్నదాన్ని బట్టి నా 0.2 గీతకు అతను ఇటో అటో పడతాడు.

కాయిన్ల మధ్య మాత్రం నికరం చేయకండి. కోటి డాలర్ల బిట్‌కాయిన్ లాంగ్, కోటి డాలర్ల ఈథర్ షార్ట్ కలిసి సున్నా కావు, అది ఒకదాని మీద మరొకటి గెలుస్తుందన్న పందెం. ప్రతి కాయిన్‌లోనూ నికరం తీసి, గుర్తు తొలగించి, తర్వాతే కాయిన్లన్నిటినీ కూడాలి.

లిక్విడేషన్ ధరలను కూడి సగటు తీయడం ఇంకో పొరపాటు. మార్జిన్, అంటే పొజిషన్‌కు పూచీగా ఉంచే సొమ్ము, ఏ వాలెట్‌కు ఆ వాలెట్‌కే వేరు. ఒక ఖాతాలో సొమ్ము ములుగుతున్నా పక్క ఖాతా లిక్విడేట్ అవుతుంది. నికరం మనిషి మొగ్గు చెబుతుంది, ప్రమాదం మాత్రం విడివిడి ఖాతాల్లో కాపురం ఉంటుంది. అందుకని గుంపు వరసలో ప్రస్తుత ధరకు అతి దగ్గరగా ఉన్న లిక్విడేషన్ ధరనూ, ఆ ఒక్క ఖాతా పొజిషన్ విలువనూ రాయండి.

పట్టిక తలమీద రెండు విషయాలు తప్పక ఉండాలి. ఒకటి సమయం: ఎక్స్ఛేంజి ఇచ్చే కాలముద్రలు మిల్లీసెకన్లలో, యూటీసీలో ఉంటాయి, మన సమయానికి ఐదున్నర గంటలు కలపాలి. రెండోది, ఈ లెక్క హైపర్‌లిక్విడ్‌కే పరిమితమన్న మాట. ఇక్కడ పెద్ద షార్ట్‌తో కనిపించే సంస్థకు మరో ఎక్స్ఛేంజిలో అంతే లాంగ్ ఉండవచ్చు, అది మన కంటికి కనిపించదు. లాంగ్‌లకూ షార్ట్‌లకూ మధ్య గంటకొకసారి చేతులు మారే ఫండింగ్ రుసుము కోసమే షార్ట్ పట్టుకుని, అసలు కాయిన్లను ఇంకెక్కడో దాచుకున్నవారు చాలామంది ఉంటారు. ఈ పట్టిక చూసి "తిమింగలం షార్ట్ కొట్టింది" అని టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే సందేశాల వెంట పడేవారు ఆ రెండో సగాన్ని చూడకుండానే పడుతున్నారు.

ఆరో మెట్టు: చిట్టా నడపడం

ప్రతి ముడికీ ఒక వరస రాసుకోండి: ఏ రెండు చిరునామాలు, ఏ ఆధారం, ఏ తరగతి, ఏ లావాదేవీ, ఎప్పుడు ముడివేశారు. నెలలు గడిచాక "ఈ రెండింటినీ ఎందుకు కలిపాను" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, జ్ఞాపకం మీద ఆధారపడితే జవాబు దొరకదు. ముడులను పట్టికలో నేరుగా రాయకుండా విడి పత్రంలో ఉంచి, ప్రతిసారీ గుంపులను మొదటి నుంచి కట్టించండి. అప్పుడు ఒక ముడి తప్పని తేలితే ఆ ఒక్క వరస కొట్టేస్తే సరిపోతుంది, గుంపు తనంతట తాను రెండుగా విడిపోతుంది. దాచి ఉంచిన పాత వాలెట్ల వారీ వివరాల మీద ప్రోగ్రామ్‌ను మళ్ళీ నడిపి గత వారం పట్టికలను కూడా తిరగరాయండి. లేకపోతే నిన్న నాలుగో ర్యాంకులో ఉన్న గుంపు ఈ రోజు ముప్పయ్యో స్థానానికి పడిపోయినట్టు కనిపిస్తుంది, ఎవరూ ఒక్క పొజిషనూ మూయకుండానే.